చిల్లర బాకీ

టికెట్టు వెనక రాసిన అంకెని
దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి.
అడగడం మర్చిపోతే అది నా బాకీ.
పదమూడేళ్ళలో ఎన్ని రూపాయలు
అలా ఈ తోలుసంచిలో ఉండిపోయాయో
డిపోకీ తెలీదు, నాకూ తెలీదు.
ఒక్కటే గుర్తుంది,
బూర్జలో దిగిన ముసలమ్మకి మూడు రూపాయలు.

కొలువులో అది నా మొదటి వారం.
శ్రీకాకుళం నుంచి పాలకొండ, ఆరున్నర బండి.
ఆమదాలవలస దాటగానే మిషను మొరాయించింది.
కాయితం ఇరుక్కుంది.
కాలేజీ గుంటలు కిసుక్కుమన్నారు.
"ఆడోళ్ళకెందుకిస్తారో ఈ పనులు" అన్నాడు
వెనక సీట్లో పెద్దమనిషి, నాకు వినబడాలనే.
ఏడవలేదు గానీ
ముక్కుపుటాలు మండాయి.

ఎండుచేపల గంప కాళ్ళ మధ్య ఇరికించుకుని
ఇంజను పక్కన కూచున్నామె
తల కూడా ఎత్తకుండా అంది:
"ఏటమ్మా ఆ కంగారు?
బస్సెక్కినోలం మేం ఎక్కడికి పారిపోతాం?
నిమ్మళంగా కొట్టు.
నీ సెయ్యి మంచిది తల్లీ,
నా గంప అందుకున్నప్పుడే సూసినాను."

అంతే.
మిషను బాగవలేదు.
పెద్దమనిషీ మారలేదు.
నా వేళ్ళు మాత్రం మళ్ళీ నావయ్యాయి.
చిల్లర ఏరి చేతిలో పట్టుకునేసరికి
ఆమె దిగిపోయింది,
గంప నెత్తికెత్తుకుని కాలిబాట పట్టింది.
పేరైనా అడగలేదు.

ఇప్పటికీ నీచువాసన తగిలితే
మెడ సాచి చూస్తాను.
ఇప్పుడు ఆడవాళ్ళకి సున్నా టికెట్టు.
ఒకవేళ ఎక్కినా
నా దగ్గర తీసుకోవడానికి ఆమెకి ఏ చిల్లరా ఉండదు.
అందుకే ఆ మూడు రూపాయలూ
ఎవరెవరికో కట్టుకుంటూ వస్తున్నాను.

కానిస్టేబులు పరుగు పోటీకి వెళ్తూ
కిటికీలోంచి కక్కుకుంటున్న కుర్రాడికి
నిమ్మకాయిచ్చి అన్నాను:
"పరిగెట్టేది నీ కాళ్ళురా, కడుపు కాదు."
మూతి తుడుచుకుని నవ్వాడు.
నెగ్గాడో లేదో తెలీదు.

ఎక్స్‌రే కవరు పట్టుకుని
"రిమ్స్ వచ్చిందా" అని నాలుగుసార్లడిగిన ఆమెకి
అయిదోసారి అడక్కముందే చెప్పాను:
"దింపేకే కదులుతాది బండి. కళ్ళు మూసుకో అమ్మా."
పక్కనున్న పరాయి మనిషి భుజమ్మీద నిద్రపోయింది.
నాగావళి వంతెన వచ్చేదాకా
ఆ భుజం కదల్లేదు.

అన్నీ ఇలా చెల్లలేదు.
ఓసారి తలొంచుకు కూచున్న తెల్లచొక్కా మనిషితో
"అంతా మంచే జరుగుతుంది" అనేశాను.
"నీకేటి తెలుసు?" అన్నాడు.
ఏటిగట్టున తమ్ముణ్ణి కాల్చి వస్తున్నాడట.
నిజమే, నాకేటి తెలుసు.
వారం రోజులు టికెట్టు తప్ప
ఎవరికీ ఏమీ ఇవ్వలేదు.

తర్వాత తట్టింది.
ముసలమ్మ జరగబోయేది చెప్పలేదు,
చూసినదే చెప్పింది.
అప్పట్నించి
కంటికి కనిపించనిది నేనూ అనడం లేదు.
గంటసేపు నిలబడి పిల్లని ఎత్తుకున్న తండ్రితో
"మీ చెయ్యి మార్చుకోలేదండీ, చూశాను" అంటాను.
ఏం మాట్లాడాలో తెలీక
ఆయన పిల్ల జుట్టు సర్దుతాడు.

"ఈ మాటలకి ఓటీ ఇస్తారేటి నీకు?"
అని ఎగతాళి చేసేవాడు డ్రైవరు తవిటినాయుడు.
కంటి ఆపరేషనయ్యాక అతని మొదటి డ్యూటీ,
వాన, పాలకొండ స్టాండు, చీకటి.
బండి వెనక్కి తియ్యాలి.
స్టీరింగు మీద చేతులు ఆగిపోవడం చూశాను.
దిగాను. తడుస్తూ వెనక నిలబడి
రోజూ అరిచేదే అరిచాను:
"రానీ... రానీ... ఇంకా రానీ,
నేను చూస్తన్నాను... హోల్డాన్!"

గోడకి జానెడు దూరంలో ఆగింది.
ఇంజను ఆపి చాలాసేపు దిగలేదు.
టీ కొట్టు దగ్గర నా గ్లాసుకీ తనే ఇవ్వబోయి
జేబులు తడుముకున్నాడు, చిల్లర లేదు.
"రేపిస్తాన్లే" అన్నాడు.

నాలుగు నెలలైంది.
అతనివ్వలేదు,
నేనూ అడగలేదు.