మూజువాణి

సంస్మరణ సంచికకి ఒక పేజీ అడిగారు.
"ఎల్లాజీగారు సభలో ఏ బిల్లుకి ఎటు ఓటేశారో
పట్టిక వేసి ఇచ్చీండి మేస్టారూ,
శుక్రవారం కల్లా ప్రెస్సుకెళ్ళాలి."

కోటవీధి ఆఫీసులో ఆయన కుర్చీ ఇంకా ఉంది.
కిటికీ తీస్తే రేవు బొగ్గు లోపలికొస్తుంది,
మూస్తే ఉక్క.
తీసే ఉంచాను.
పద్దెనిమిదేళ్ళ సభా కార్యక్రమాలు, అట్టలూడినవి,
పేజీ తిప్పినప్పుడల్లా
వేలు నల్లబడుతోంది.

శ్రీ పుక్కళ్ళ ఎల్లాజీ, విశాఖపట్నం.
నక్షత్రం గుర్తు గల ప్రశ్న:
జాలారిపేట మూడో వీధి కుళాయికి నీళ్ళెప్పుడు?
జవాబు: పరిశీలనలో ఉన్నది.
మరుసటేడు అదే ప్రశ్న, అదే నక్షత్రం.
అయిదో ఏడు నక్షత్రం రాలిపోయింది,
జవాబు కాగితం మీద ఇచ్చారు.
పరిశీలనలో ఉన్నది.

ఇక ఓట్లు.
ఓట్లెక్కడ?
అవుననేవారు అవుననండి, అన్నారు.
కాదనేవారు కాదనండి, అన్నారు.
అవుననేవారే ఎక్కువ. బిల్లు నెగ్గింది.
మూజువాణి.
ఏ నోరు ఏమందో రాసుకోదు కాగితం.
నాలుగు వందల పన్నెండు బిల్లులు లెక్కపెట్టాను,
ఒక్కదాంట్లోనూ ఆయన గొంతు విడిగా లేదు.

ఆ గొంతా!
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ల నాలుగింటికి
చందువ గంపల మధ్య నిలబడి
ఒకటోసారీ... అని ఎత్తుకుంటే
అవతల డాల్ఫిన్ నోస్ మీద
దీపం కాపలావాడు ఉలిక్కిపడేవాడట.
వేలంపాట ఎల్లాజీ.
ఆ నోరు చూసే పార్టీ టిక్కెట్టిచ్చింది,
తీసుకెళ్ళి మూడొందల నోళ్ళలో కలిపేసింది.

డివిజన్ ఒక్కసారే అడిగారు.
తీర భూముల బదలాయింపు బిల్లు. మార్చి నెల, పగలు పదకొండూ పది.
గంట మోగింది, తలుపులు వేశారు.
నేను గ్యాలరీలో,
ఆయన బీపీ మాత్రలు నా జేబులో.
అనుకూలురు లేచి నిలబడండి, అన్నారు.
ఆయన లేచాడు,
కాస్త ఆలస్యంగా, కండువా సర్దుకోడానికి లేచినట్టు.
పైకి చూడలేదు.

ఆ రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి దాటాక
నేను నిద్రపోయాననుకుని
ఎదుటి బెర్త్ మీంచి అన్నాడు:
"రెండోసారి దాకా నానే అన్నాను.
మూడోసారి ఎవులన్నారో మరి."

తరవాత హార్బరుకి వెళ్ళడం మానేశాడు,
చేపే ఇంటికొచ్చేది.
గరికిన నూకాలమ్మ ఒకనాడు మెట్ల మీద తట్ట దించి
"మా ఒడ్డుని ఎంతకి పాడీసినావు బాబూ?" అంది,
ధర అడిగినట్టే.
ఆయన బేరం ఆడకుండా డబ్బిచ్చాడు.
జీవితంలో అదొక్కసారే.

అయితే ఇదీ రాయాలి కదా:
కేజీహెచ్‌లో మంచానికి, రేషన్ కార్డుకి,
ఉప్పెనలో పోయిన పడవలకి
ఈ బల్ల మీంచే ఉత్తరాలు వెళ్ళాయి, బస్తాలకి బస్తాలు.
నేను రాశాను, ఆయన చదవకుండా సంతకం పెట్టలేదు.
మూడో వీధి కుళాయి చివరికి తన నిధుల్లోంచే వేయించాడు,
మంగళవారం, శుక్రవారం వస్తున్నాయి నీళ్ళు.
పరిశీలన మాత్రం
ఇంకా నడుస్తూనే ఉన్నట్టుంది.
పట్టికలో వీటికి గడి లేదు.

పట్టిక వేశాను.
అనుకూలం: ఒకటి.
వ్యతిరేకం: సున్నా.
మూజువాణి: నాలుగు వందల పన్నెండు.

ప్రెస్సు కుర్రాడు ఫోన్ చేశాడు:
"మూడు గడులు పట్టట్లేదు మేస్టారూ,
ఆ మూజువాణీని అనుకూలంలో కలిపీమంటారా?"

నేనేమీ అనలేదు.
కిటికీ వైపు చూస్తున్నాను,
ఓడేదో బొగ్గు దించుతోంది.

అవునన్నాననుకుని
పెట్టేశాడు.