మూడో గడి

రాత్రి రెండూ నలభై. కొర్లగుంటలో మేడగది.
ఫ్యాను కింద, తెర మీద మూడు గడులు:
పోయిన నెల ఆకాశం, ఈ రాత్రి ఆకాశం,
రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలింది.

మూడో గడి ఎప్పుడూ బూడిద రంగే.
అందులో తెల్ల నలుసు కనిపిస్తే
అదేమిటో తేల్చడం నా పని.

ఎక్కువగా చెత్తే.
ఉపగ్రహం గీసిపోయిన గీత,
అద్దం మీద దుమ్ము,
మిణుకుతూ ఏమార్చే పాత చుక్క.
టెలిస్కోపు ఈ ఊళ్లో లేదు.
ఘాట్ రోడ్డు దీపాల వెలుగులో
ఇక్కడ దేని కన్నూ ఆనదు.
ఎక్కడో ఎండు కొండ మీద అది చూస్తుంది,
నేనిక్కడ ఏరుతాను.

ఏరడం దామలచెరువులో చూశాను.
మామిడి మండీలో చెంగల్రాయుడు మామ
బెంగుళూరా కాయల గుట్ట ముందు గొంతుక్కూర్చుని
తొడిమ దగ్గర ముక్కు పెట్టి
ఇది ఢిల్లీకి, ఇది జ్యూసు ఫ్యాక్టరీకి, ఇది మేకలకి
అని విసిరేవాడు.
ఆయన చెయ్యి ఆగితే
బేరగాళ్ల మాట ఆగేది.

కార్తీకంలో ఒకటి చిక్కింది,
ఒక గెలాక్సీ అంచున
కొంగుకి అంటిన సున్నంలా.
'చెత్త' అని నొక్కాను.
నిద్రమత్తు. ఇంకే కారణమూ లేదు.
ఆపైన నాలుగు రాత్రులు కొండ మీద మబ్బు.
ఐదో రాత్రి అదే చోట
తన గెలాక్సీకే కన్ను చెదిరేట్టు వెలుగుతోంది.
ఏ దేశంలోనో ఎవరో దాని వెలుగుని రంగులుగా విప్పి,
సిలికాన్ పెట్టిన గాటు చూసి రకం తేల్చారు:
పక్కదాని సొత్తు తినీ తినీ
తాళలేక పగిలిన ముసలి చుక్క.
కనిపెట్టినవాళ్లలో నా పేరు లేదు.

మామకి ఫోన్లో చెప్పుకున్నా.
కరోనా తర్వాత ఆయనకి వాసన తెలీదు.
పోయిన సీజన్లో బొటనవేలితో నొక్కి చూశాడంట,
సగం తప్పంట.
"నువ్వు పారేస్తే మాత్రం
కాయ మాగకుండా ఉంటాదా మేయ్?" అన్నాడు.

అప్పట్నుంచి దాన్ని నేనే కొలుస్తున్నా.
పేలిన వారం ఉన్న గుంపు ఇప్పుడు లేదు.
వారానికి రెండుసార్లు, ఒక్క అంకె.
పదిహేను. పదహారున్నర. పద్దెనిమిది.
"అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు మామా."
"అదేం లెక్క?" అని కాసేపాగి,
"మా మండీలో అప్పు గూడా అంతేలే" అన్నాడు.

మళ్లీ మామిడికాయల లారీలు తిరిగే కాలం.
ఈ రాత్రి పంతొమ్మిది పాయింట్ ఆరు.
మూడో గడిని దగ్గరికి లాగి చూశాను.
నలుసుందా, నా కంటి అలసటా?
కింద వీధిలో పాలవ్యాను హారన్.
'ఉంది' అని రాశాను.
పక్కన ప్రశ్నార్థకం పెట్టి, చెరిపి,
మళ్లీ పెట్టాను.