పంచనామాల రాయనిది

నా పేరు కలకోట రాజవీరు.
పాకాల చెరువు మత్తడికి ఇవతల, చింతలగట్టు మా ఊరు.
రెండెకరాల మక్కచేను.
మొన్నటి కాయితం మీద రెండో సాక్షిని నేనే.

ముందుగాల్నే చెప్త,
అడివిపందులంటె నాకేం ప్రేమ లేదు.
పోయిన వానకాలం పాలకంకి మీదున్న మక్కను
ఒక్క రాత్రిల చాపలెక్క పరిస్తె
గట్టు మీద కూసోని వాటి ఏడుతరాలను తిట్టినోన్ని.
నర్సంపేట మంగలి షాపుల వెంట్రుకలు
సంచికెత్తి తెచ్చి చేను చుట్టు చల్లినోన్ని.
మా సారక్క పెండ్లిచీరె సుత
కట్టెలకు చుట్టి కంచె చేసినోన్ని.
కాల్చుండ్రి అని తీర్మానానికి చెయ్యెత్తినోన్ని.

అందుకే నా మాట వినుండ్రి.

జీపు రాత్రి పదకొండింటికొచ్చింది.
షూటర్లు ఇద్దరు. మంచి మనుషులే,
చాయ్ తాగి గ్లాసులు కడిగిచ్చిండ్రు.
వాగొడ్డున లైటు పడంగనే అవి ఉరుకలే.
నిలబడి చూసినయి,
కరెంటొచ్చిందా అన్నట్టు.

నాలుగు చప్పుళ్లు.
ఐదోది
గుట్టకు తాకి తిరిగొచ్చిన నాలుగోదే.

తెల్లారి జేసీబీ గుంత తీసింది.
ఎవ్వరు తినొద్దని కిరసనాయిలు పోసిండ్రు.
ఓదెలు గడ్డపారతోని పొర్లిస్తుంటె
పెద్దదాని పొదుగు కారుతుంది.
బీటు ఆఫీసరు రాస్తుండు:
మొత్తం నాలుగు. మగది ఒకటి. ఆడవి మూడు.
పాలు అని రాసే గడి
ఆ ఫారంల లేదు.
నేను సంతకం పెట్టిన.

రెండొద్దులకు, పత్తికట్టె కుప్ప కింద
గీతల పిల్లలు ఆరు,
ఒకదాని మీద ఒకటి ముడుసుకోని ఉన్నయి.
సారక్క గిన్నెల గంజి పెట్టింది. ముట్టలే.
పొద్దుగూకేసరికి మూడే కదిలినయి.
వీటినెవరు చంపిండ్రు?
నాలుగే అని రాసిన కాయితం మీద
నా పేరు వంకర లేకుంట ఉంది.

మూడేండ్లాయె నేను పంటనష్టం దరఖాస్తిచ్చి.
నర్సంపేటల లేదు, హన్మకొండకు పోయిందంటరు.
హన్మకొండల లేదు, నర్సంపేటల్నే ఉందంటరు.
తూటా మాత్రం మూడొద్దులల్ల వచ్చింది.
గంత జల్ది మన ఊరికి ఇంకేదన్న వచ్చిందా?
పోశాలు గుండె పట్టుకున్ననాడు
అంబులెన్సు వచ్చిందా?

గుట్టను గ్రానైటుకిచ్చినప్పుడు ఊకున్నం.
ఎల్లేరుగడ్డలు దొరికే జాగల
జామాయిలు పెడుతుంటె కూలికి పోయినం.
బాంబు పేలితె మన గోడలే నెర్రెలు బాసినయి,
వాటి పొదలెంత.
కడుపుల పడ్డ కరువుకు
మన తాతలు భివండి బండెక్కినట్టు
అవి మన చేన్లకు దిగినయి.
భివండోళ్లు మనల్ని కాల్చలే.

బేస్తారం మల్ల గ్రామసభ.
ఈసారి కాయితంల
కాల్చేవాటి లెక్క దగ్గర గీత గీసి ఖాళి పెట్టిండ్రు.
ఆ ఖాళిల ఎన్నన్న పడతయి.

రాండ్రి.
బీడీల అక్కలు చాటలు ఒళ్లె పెట్టుకోనే రాండ్రి.
ఓదెలూ, నీ చేతికి ఇంక ఆ వాసనున్నది కదా, నువ్వు ముందుగాల రా.
పత్తి కాంటా ఒక పూట ఆగుతది.
నష్టపైకం ముందు ఇయ్యమనుండ్రి.
సోలారు కంచె ఏదని అడుగుండ్రి.
క్వారీ ఎన్ని ఎకరాలకు రాయించుకున్నడో, ఎన్ని తవ్విండో
టేపు పెట్టి కొలువమనుండ్రి.
సర్పంచి నవ్వితె మల్ల అడుగుండ్రి.
అక్కడ వినకపోతె సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణి,
రెండు ఆటోలు మాట్లాడిపెట్టిన,
కిరాయి నాది.
వేలుముద్ర అడిగితె
పిడికిలి ముడుసుకోండ్రి, చలిపెడుతుందనుండ్రి,
ఏదన్న చెప్పుండ్రి.
ఇంకుప్యాడు ఎండిపోనియ్యండ్రి.

నా యాసంగి మక్క మల్ల పాలకంకి మీదుంది.
మిగిలిన మూడు పిల్లలు పెద్దగై
ఏదో రాత్రి దాంట్ల పడొచ్చు.
పడితె మల్ల తిడ్త, డబ్బా కొట్టి మంచె మీద మేలుకుంట.
సంతకం మాత్రం పెట్ట.