సరిపోయింది

గొంతులో మందు కొడితే
చేదని ముఖం ముడిచాడు బాల్‌నర్సయ్య.
ఎర్రగడ్డలో మూడో అంతస్తు.
కిటికీ అవతల మెట్రో పోయినప్పుడల్లా
ట్రేలో గాజుపలకలు ఒకదానికొకటి తగిలి వణుకుతాయి.
వాటి మీద పెన్సిల్‌తో పేరు రాస్తున్నాను.
పెద్ద పేరు, రెండు వరుసలు పట్టింది.
నా పని పలకల దగ్గరే. మనుషుల దగ్గర కాదు.

అయినా మాటలు వినపడతాయి కదా.
బోరబండలో పంచర్ షాపట, ఇరవయ్యేడేళ్లుగా.
డాక్టర్ మెహ్‌నాజ్ చెబుతోంది:
గొట్టం కొసన చిన్న బెలూన్, అందులో నీళ్లు నింపుతాం,
గాలిలో మా శబ్దం నడవదు,
నీళ్లుంటేనే గోడ అవతల ఏముందో తెలుస్తుంది.
ఆయన కళ్లు పెద్దవి చేశాడు.
"మా లెక్కనే గద మేడం!
ట్యూబుల గాలి కొట్టి టబ్బుల ముంచుతం.
నీళ్లు లేంది పంచరు దొర్కుతదా?"
తొమ్మిదేళ్లుగా ఈ యంత్రం పక్కనే ఉన్నాను.
ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

తర్వాత నోట్లో ప్లాస్టిక్ కట్టు, నరంలో మత్తు.
సగం నిద్ర, సగం మెలకువ.
గొట్టం దిగింది. దగ్గు లేచింది, అణిగింది.
ఊపిరి రెండు దారులయ్యే చోట
నీటి బుడగ గోడకి చెవి ఆనించింది.
తెర మీద బూడిదరంగు ముసురు.
ముసురులో నల్లగా, గుండ్రంగా ఒక గడ్డ.
ఏడో నంబరంటాం దాన్ని.
పక్కనే ఎర్రగా నీలంగా మెరుస్తూ
నెత్తురు తన దారిన తాను పోతోంది.
సూది ఆ దారి తప్పించుకుని గడ్డలోకి దిగి
పది పన్నెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడింది,
దారం లేకుండా కుడుతున్నట్టు.

మొదటి చుక్క వట్టి నెత్తురు.
రెండోది పలక మీద రాసి, నీలిరంగులో ముంచి,
నిమిషం ఆగాను.
ఆ గదిలో నిమిషం చాలా పొడుగు.

కన్ను ఆనించాను.
చల్లిన ఆవాల్లా చిన్న చిన్న కణాలు.
అవి ఉండాల్సినవే.
పలక కొంచెం జరిపాను.

అక్కడున్నాయి.
ఒకదాని మీదొకటి ఎక్కి, కొలత మరిచి,
అద్దె కట్టకుండా ఇల్లంతా ఆక్రమించినట్టు.

నేను పేరు పెట్టి చెప్పకూడదు. అయ్యో అనకూడదు.
కావలసినంత దొరికింది, ఇక పొడవక్కర్లేదు:
ఇంత వాక్యానికి మాది ఒక్కటే మాట.
"సరిపోయింది మేడం."
పాలు పొంగి పొయ్యి మీద పోతే
మా అమ్మ అనే మాటా ఇదే.

ప్లాస్టిక్ కట్టు చుట్టూ
బాల్‌నర్సయ్య పెదాలు కదిలాయి.
నవ్వాడు.

ఎప్పుడూ వెళ్లని దాన్ని, ఆ రోజు ఆయన మంచం దగ్గరికి వెళ్లాను.
చాయ్ కావాలన్నాడు.
రెండు గంటలు ఆగాలి, గొంతుకింకా స్పర్శ రాలేదు, పొరబోతుంది అన్నాను.
"సరిపోయిందన్నవ్ గద బిడ్డా, యిన్న.
అంటే మంచిదే గద?"
నేను సెలైన్ సీసా వంక చూశాను.
"పంచరు దొర్కిందా మరి?"
దొరికింది, అన్నాను. అది అబద్ధం కాదు.
"దొర్కితే సగం పనైనట్టే.
దొర్కందే పరేషాన్."
కళ్లు మూసుకున్నాడు.

వేలికి పెట్టిన క్లిప్పు అంకె చూపించడం లేదు,
గోటి నిండా సొల్యూషన్ మరక.
నర్సు స్పిరిట్‌తో రుద్దుతోంది.
నా వేళ్ల మీద నీలం.
రెండూ సబ్బుకి లొంగేవి కావు.

రిపోర్ట్ గురువారం. చెప్పేది డాక్టరమ్మ.
ప్యాచ్ పడుతుందో లేదో,
ఎన్నాళ్లు ఆగుతుందో, అదంతా ఆమె చూసుకుంటుంది.

నేనైతే ఆ గదిలో ఆ మాట అనడం మానేశాను.
గాజు మీద గోటితో రెండుసార్లు తడతాను.
మెహ్‌నాజ్ మేడం సూది వెనక్కి తీస్తుంది.
మంచం మీది మనిషికి
అది మెట్రో పోతున్న చప్పుడు.