మూల చూడు

క్లైపెడా రేవులో ఆ ఉదయం
క్రేన్ల మెడలు కూడా కనిపించనంత పొగమంచు.
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
తలుపు తీస్తూనే జెనొవైతె గారు అన్నారు:
"ఇంటర్నెట్ చచ్చిపోయింది. ఊరంతా."

ఊరంతా చావలేదని నా జేబులో ఫోను మోగి చెప్పింది.
ఆమె దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు రేవు డిస్పాచర్‌గా చేసిన మనిషి.
ఏ ఓడ ముందు, ఏ ఓడ వెనక,
ఎవరు బయటే లంగరేసుకుని ఆగాలి,
అన్నీ ఒక్క గొంతుతో నడిపిన మనిషి.
ఇప్పుడు వంటింటి కిటికీ పక్కన ఒక కంప్యూటరు,
దాని మీద లేసు గుడ్డ,
గుడ్డకి పొగబెట్టిన చేప వాసన.

తెర మధ్యలో ఎర్ర ముక్కోణం:
మీ కనెక్షన్ సురక్షితం కాదు.
"ఎవరో చూస్తున్నారు కదూ?" గొంతు తగ్గించారు.
ఆమె ఈడువాళ్లు ఆ మాట ఊరికే అనరు.
నవ్వబోయి మానుకున్నాను.

ముందు మామూలు తంతు.
మోడెమ్ తీగ పీకి ముప్పై లెక్కపెట్టాలి.
ఆమె కూడా పైకి లెక్కపెట్టారు.
పద్దెనిమిది దగ్గర నేను తొందరపడితే
మళ్లీ ఒకటికి తీసుకొచ్చారు.

తర్వాత ట్యాబులు. నూట పన్నెండు.
డబ్బాలో కుక్కిన చేపల్లా, పేర్లు కనబడకుండా.
"ఒక్కటి మూసినా ఊరుకోను."
ఒకటి గసగసాల కేకు, ఒకటి మోకాలి నొప్పి,
మిగతా నూట పదీ ఓడలు.
నీలం పటం మీద బాణపు మొనలంత పచ్చ గుర్తులు,
గ్దాన్‌స్క్ ముందొకటి, రీగా దారిలో ఇంకొకటి,
నిన్నటి చోటే గడ్డకట్టుకుని.

పిలవని చుట్టాల్లా నాలుగు టూల్‌బార్లు.
ఒకటి వాతావరణం చెబుతుంది,
మిగతావి ఎందుకొచ్చాయో వాటికే తెలీదు.
సాగనంపాను.
మీరు ఫోను గెలిచారని మూల నుంచి అరిచేదాని
నోరు మూయించాను.
"నిజంగా గెలవలేదా?"
"లేదండీ."
"మరి ఎనిమిది నెలలుగా చెబుతోందే."

బ్రౌజర్ దాచుకున్నదంతా తుడుద్దామంటే చెయ్యి పట్టుకున్నారు.
పాస్‌వర్డులు కూడా పోతాయని ఒప్పుకున్నాను.
ఆమె లేచి అల్మరా తలుపు తెరిచారు.
లోపలివైపు, తెల్ల రంగు మీద, పెన్సిలుతో,
లాగ్‌బుక్కు దస్తూరీలో
అన్నీ. తేదీలతో, కొట్టివేతలతో సహా.
ఏ నిపుణుడూ మెచ్చడు.
నాకు మాత్రం ముచ్చటేసింది.

తుడిచాను. ఎర్ర ముక్కోణం అక్కడే.
ఇంకో బ్రౌజర్ తెరిస్తే అదీ అదే పాట.
టీ రెండుసార్లు చల్లారింది.
కొండ తవ్వుతూనే ఉన్నాను, ఎలుక జాడ లేదు.

అప్పుడు నా భుజం వెనక నుంచి,
నుదుటి మీది కళ్లద్దాలు దించుకుంటూ:
"అబ్బాయ్, మూల చూడు. అక్కడ టైమెంత?"

రాత్రి ఒంటిగంట నలభై.
జనవరి ఒకటి, రెండు వేల తొమ్మిది.

ప్రతి పేజీ తన చీటీ తీసి చూపిస్తోంది.
చీటీ మీది తేదీ ఇంకా రానేలేదని
కాపలావాడు గేటు వేసేస్తున్నాడు.
పదకొండేళ్లుగా ఇదే నా పని.
మూల చూడలేదు.

"ఓడ గడియారం తప్పితే," అన్నారామె
గెలిచినట్టు కాదు, గుర్తొచ్చినట్టు,
"మేము రేడియోని తిట్టేవాళ్లం కాదు."

బిల్లు భయంతో రోజూ రాత్రి గోడ దగ్గరే స్విచ్చు కట్టేస్తారట.
లోపల నాణెమంత బ్యాటరీ ఎప్పుడో ఉత్తదైపోయింది.
నా సంచిలో ఒకటుంది,
మా ఇంటి పిండి తూకం మిషన్ కోసం కొన్నది.
మరలు విప్పి, దుమ్ము ఊది, అది పెట్టాను.

తేదీ ఆమే సరిచేశారు,
ఒక్కో అంకె పైకి చదువుతూ.
సంవత్సరం దగ్గర వేలు ఆగింది.
"ఇన్నా," అన్నారు. అంతే.

పచ్చ గుర్తులు కదిలాయి.
రేవు ముఖద్వారం దగ్గర రెండు, ఒకదాని ముక్కుకి ఒకటి.
కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.
డబ్బులు బల్ల మీద ఉన్నాయి, తీసుకొమ్మని చెయ్యి ఊపారు,
తల తిప్పకుండా.

రెండో అంతస్తు దాకా దిగాక కూడా వినిపిస్తోంది,
ఎవరినో బయటే ఆగమంటున్న గొంతు.