రంపప్పొట్టు

డ్రమ్ములు ఊపిరి తీస్తాయని
మొదటిరోజే చెప్పింది ఓబుళక్క.
నవ్వాను.
మర్నాడు పీణ్య షెడ్డులో
నీలంరంగు మూత ఒకటి
పూరీలా పొంగి కూర్చుంది.
"తడి తగిలితే గాలి వదుల్తుంది ఇది.
బిగించొద్దు, బీడీ ముట్టించొద్దు,
పావు తిప్పి వదిలెయ్."
ఉస్సుమంది.

ఇది రంపం మింగిన మందం.
సిలికాన్ దిమ్మెను పలకలుగా కోసేచోట
ప్రతి కోతకీ కొంత
బురదై జారిపోతుంది.
పలకలు ముఖమల్ పెట్టెల్లో ఎటో పోతాయి.
బురద మాకొస్తుంది, రాత్రి లారీలో.
చలానా మీద ఒకే మాట: వ్యర్థం.
కింద బరువు, సంతకం.

వడకట్టి, పిండి,
తీగ రంపం విడిచిన ఇనుము పోయేదాకా
యాసిడ్‌లో కడిగి,
ఆరబెట్టి, జల్లించి,
నైట్రోజన్ కొలిమిలోకి తోసి తలుపేస్తాం.
పద్నాలుగు వందల డిగ్రీలకి
అటో ఇటో.
బసవలింగయ్య మీటరు ముందు నిలబడి
"నిధాన, నిధాన" అంటాడు,
బర్రెను గేటు దాటిస్తున్నట్టు.

మొన్న ఆగస్టులో తొందరపడ్డాం.
పొడి కావలసింది కరిగి ముద్దయింది.
ఇప్పుడది
బాత్రూం తలుపు గాలికి కొట్టుకోకుండా
కాపలా కాస్తోంది.

కుదిరిననాడు మాత్రం
బూడిదా కాదు, పిండీ కాదు,
వేళ్ళ మధ్య రుద్దితే
ఏమీ లేనట్టుండే బూడిదరంగు.
పిండి కొద్దీ రొట్టె అంటారు గదా,
ఈ పిండితో వేసిన రొట్టెను
సుత్తి కూడా కొరకలేదు.

ఓబుళక్క పదకొండేళ్ళు
దొడ్డబళ్ళాపురం మగ్గాల దగ్గర పనిచేసింది.
దారం నడిచే ఇనుప కన్ను
దారానికే అరిగిపోయేదట.
గాటులో పడి పోగు తెగేది.
తెగిన ప్రతిసారీ కూలీలో కోత.
ఆ లెక్క ఇప్పటికీ ఆమెకు నోటికొచ్చు.

నిన్న మా పొడితో అచ్చుపోసి కాల్చిన
శాంపిల్ కన్నొకటి వచ్చింది,
కందిపప్పంత రంధ్రం.
చీర చెంగులోంచి ఒక పోగు లాగి
అందులోంచి
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ
టీ చల్లారేదాకా ఆడించింది.
నేనేదో అడగబోయాను.
పోగును నాలుకతో తడిపి చూసి
జాకెట్లో దోపుకుంది.
కన్ను మాత్రం తిరిగిచ్చేసింది,
రిజిస్టర్లో రాయాలిగా.

పదిన్నరకి లారీ.
ముప్పైరెండు డ్రమ్ములు.
ఆమె అటునుంచి, నేనిటునుంచి
పావు తిప్పుకుంటూ వచ్చాం.