పన్నెండో తల

బస్సులో నా పని పిల్లల్ని ఎక్కించడం, దించడం,
తలలు లెక్కపెట్టడం.
పదకొండు.
డోరీన్ కాళ్ళకు ఇనుప కడ్డీలు, మెట్టు మెట్టుకీ మోగేవి.
నార్మన్ చెవిలో మిషను; దాని బ్యాటరీ
ఛాతీ మీద ఇటుక ముక్కంత బరువు.
ఐవీకి మూర్ఛ. దాని పక్కన నేనే కూర్చునేదాన్ని.

కౌన్సిల్ వాళ్ళు టైపు కొట్టిచ్చిన జాబితా అది.

రోప్‌వాక్ వీధి మలుపులో
జాబితాలో లేనివాడొకడు, ఆల్విన్ గ్రీన్‌వుడ్, ఏడేళ్ళు.
మిల్లుకెళ్ళే నాన్న పాత సంచి భుజాన వేసుకుని
ఎనిమిదీ పదికల్లా గుమ్మం ముందు రాతిమెట్టు మీద.
మేజోళ్ళు మోకాళ్ళదాకా సమంగా లాగి.
బస్సు ఆగదని వాడికి రోజూ తెలిసేది.
రోజూ కొత్తగా.

వాళ్ళమ్మ రేషన్ పుస్తకాల కిందనుంచి
ఉత్తరం తీసి చూపించింది ఒకసారి:
‘చదువు చెప్పనలవి కాని బిడ్డ.’
"బూటు లేసు కట్టడం నేర్పడానికి ఏడాదిన్నర పట్టింది నాకు.
నేర్చాడుగా!
మరి దాన్నేమంటారట?"
నేను నోరు తెరిచేలోగా హారేస్ హారన్ కొట్టాడు.

ఆ నవంబరులో ఒక పొద్దున
మిల్లుల పొగా మంచూ కలిసి
కాల్డర్ లోయంతా మాసిన ఉన్ని.
నేను దిగి లాంతరు పట్టుకుని బస్సు ముందు నడిచాను.
రోప్‌వాక్ వీధి దగ్గర
నా చేతి మీద ఇంకో చెయ్యి, వెచ్చగా, తడిగా.
లాంతరు నాది కాకుండా పోయింది.
ఏ రాయి లేచి ఉందో, ఎక్కడ కాలవో వాడికే తెలుసు,
మైలున్నర.
వెనకనుంచి హారేస్, ఎప్పుడూ నోరు విప్పని మనిషి,
"అబ్బాయ్, కాస్త మెల్లగా" అన్నాడు.

బడి గేటు దగ్గర మిస్ థాక్రే లెక్కపెట్టింది.
"పన్నెండా?"
"పన్నెండోది దీపమండీ" అన్నాను. ఏదో ఒకటి అనాలిగా.

పాలసీసాలు పదకొండే.
డోరీన్ సగం తాగి, స్ట్రా తుడిచి,
సీసా వాడివైపు జరిపింది.
వాడు తాగలేదు. గోడమీద బొమ్మల అక్షరాలవైపు
నోరు తెరిచి చూస్తూ
సీసాని రెండు చేతులా పట్టుకున్నాడు, లాంతరులాగే.
మధ్యాహ్నం మంచు విడింది. ఇంట్లో దింపేశాను.

మర్నాడు ఎండ. బస్సు ఆగలేదు.
హారేస్ వేగం తగ్గించాడు, అంతే.
ఆ తగ్గించడం మాత్రం ఆ తరవాత మానలేదు.

చట్టం మారేనాటికి ఆల్విన్‌కి ఇరవై ఆరు.
నాకిప్పటికీ లెక్క తప్పుతుంది,
గుడ్లు లెక్కపెట్టినా, మెట్లు లెక్కపెట్టినా,
పదకొండు దగ్గర ఆగి
వీధి మలుపువైపు చూస్తాను.